పతకానికి ముందు రూపాయి, తర్వాత కోటి

2024 ఆగస్టు 7న పారిస్ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టర్ మీరాబాయి చాను స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ కలిపి 199 కిలోలు ఎత్తింది. థాయ్‌లాండ్ లిఫ్టర్ 200 ఎత్తి కాంస్యం పట్టుకుపోయింది. మన కేంద్ర ప్రభుత్వ పథకంలో ఒలింపిక్ కాంస్యానికి రూ.30 లక్షలు. చాను నిలిచిన నాలుగో స్థానానికి ఆ పట్టికలో గడే లేదు. అంటే ఆ ఒక్క కిలో ఖరీదు 30 లక్షలు.

ఆ పోటీకి ఆమెను సిద్ధం చేయడానికి ప్రభుత్వం అప్పటికే సుమారు రూ.2.7 కోట్లు ఖర్చుపెట్టింది. ఈ రెండు అంకెలూ వేర్వేరు ఖాతాలవి. మొదటిది పతకం వచ్చాక ఇచ్చే నజరానా, రెండోది పతకం కోసం పెట్టే పెట్టుబడి. పేపర్లో ఫొటో పడేది మాత్రం చెక్కు ఇచ్చిన రోజే.

ముందు పెట్టేది

పారిస్ ఒలింపిక్స్ సన్నాహానికి 16 క్రీడల మీద కేంద్రం దాదాపు రూ.470 కోట్లు వెచ్చించింది. 117 మంది వెళ్లారు, 6 పతకాలొచ్చాయి. పెద్ద పద్దులు ఇవి:

- అథ్లెటిక్స్: రూ.96.08 కోట్లు, 1 రజతం
- బ్యాడ్మింటన్: రూ.72.02 కోట్లు, పతకం లేదు
- బాక్సింగ్: రూ.60.93 కోట్లు, పతకం లేదు
- షూటింగ్: రూ.60.42 కోట్లు, 3 కాంస్యాలు
- హాకీ: రూ.41.29 కోట్లు, 1 కాంస్యం
- ఆర్చరీ: రూ.39.18 కోట్లు, పతకం లేదు
- రెజ్లింగ్: రూ.37.80 కోట్లు, 1 కాంస్యం

470ని ఆరుతో భాగిస్తే పతకానికి 78 కోట్లు. లెక్క తప్పు కాదు కానీ, దాన్నిబట్టి తీర్పు చెబితే తప్పే. పారిస్‌లో మనవాళ్లు ఆరుసార్లు నాలుగో స్థానంలో ఆగారు. బ్యాడ్మింటన్‌లో లక్ష్యసేన్ కాంస్య పోరులో ఓడాడు. ఆర్చరీ మిక్స్‌డ్‌లో మన విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్, అంకిత భకత్ జోడీ అమెరికా చేతిలో 6-2తో ఓడి పతకం చేజార్చుకుంది. ఆ రెండు మ్యాచ్‌లు అటూ ఇటూ అయితే రెండు క్రీడల ముందున్న సున్నాలు చెరిగిపోయేవి. ఖర్చు మాత్రం పైసా మారేది కాదు.

ఈ డబ్బులో ఆటగాడి చేతికి నేరుగా వచ్చేది తక్కువ. 2014లో మొదలైన 'టాప్స్' (టార్గెట్ ఒలింపిక్ పోడియం స్కీమ్) పథకం కోర్ గ్రూపులో ఉంటే నెలకు రూ.50,000, డెవలప్‌మెంట్ గ్రూపులో ఉంటే రూ.25,000 చేతి ఖర్చుకు ఇస్తారు. మిగతాదంతా కోచ్‌లు, ఫిజియోలు, విదేశీ శిక్షణ, పరికరాలకు పోతుంది. ఇంకా కింది మెట్టు ఖేలో ఇండియా. అందులో ఎంపికైన పిల్లలకు ఏడాదికి తలా రూ.6.28 లక్షలు, అందులో చేతికిచ్చేది నెలకు రూ.10,000.

తర్వాత ఇచ్చేది

పారిస్ నాటికి కేంద్రం ఒలింపిక్ నజరానా స్వర్ణానికి రూ.75 లక్షలు, రజతానికి 50, కాంస్యానికి 30. రాష్ట్రాలు అంతకు ఎన్నో రెట్లు పాడాయి. హరియాణాలో స్వర్ణానికి రూ.6 కోట్లు, రజతానికి 4, కాంస్యానికి 2.5 కోట్లు. 2024లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ క్రీడా విధానం దాన్నీ దాటి వరుసగా 7, 5, 3 కోట్లు అంది. 2016లో రియోలో పి.వి.సింధు రజతం గెలిస్తే తెలంగాణ రూ.5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ రూ.3 కోట్లు ఇచ్చాయి.

ఆ అయిదు కోట్ల అంకె సింధు కథలో అంతకుముందే ఒకసారి వచ్చింది. 2003లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం పుల్లెల గోపీచంద్‌కు గచ్చిబౌలిలో బ్యాడ్మింటన్ అకాడమీ కోసం అయిదెకరాలు కేటాయించింది. కట్టడానికి డబ్బు లేదు. ఆయన ఇల్లు తాకట్టు పెట్టారు. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ రూ.5 కోట్లు ఇచ్చారు. 2008లో అకాడమీ తలుపులు తెరుచుకున్నాయి. 2012లో సైనా నెహ్వాల్ కాంస్యం, 2016లో సింధు రజతం ఆ గోడల మధ్య నుంచే వచ్చాయి. మొదటి అయిదు కోట్లు లేకపోతే రెండో అయిదు కోట్లు అందుకునేవాళ్లే ఉండేవారు కాదు.

నజరానా పతకం తెస్తుందా?

సింగపూర్‌లో వ్యక్తిగత స్వర్ణానికి పది లక్షల సింగపూర్ డాలర్లు. ఇన్నేళ్లలో ఆ దేశానికి వచ్చిన ఒలింపిక్ స్వర్ణం ఒక్కటే, 2016లో ఈతగాడు జోసెఫ్ స్కూలింగ్‌ది. బ్రిటన్‌లో పతకానికి నగదు బహుమతే లేదు. 1996 ఒలింపిక్స్‌లో ఒకే ఒక్క స్వర్ణంతో పతకాల పట్టికలో 36వ స్థానానికి జారాక, ఆ దేశం లాటరీ ఆదాయాన్ని శిక్షణకూ, ఆటగాళ్ల జీవన భృతికీ మళ్లించింది. పారిస్‌లో 65 పతకాలు గెలిచింది.

మరి హరియాణా? పారిస్‌కు వెళ్లిన 117 మందిలో 24 మంది ఆ రాష్ట్రం వాళ్లే. కానీ అక్కడ నజరానా ఒంటరిగా పనిచేయలేదు. ఊరూరా కుస్తీ అఖాడాలు, చేతిలో సర్కారు కొలువు ముందునుంచీ ఉన్నాయి. నజరానా వాటి మీద పెట్టిన కిరీటం.

అలాగని నజరానా దండగ కాదు. వరంగల్ జిల్లా కల్లెడ కూలీల బిడ్డ దీప్తి జీవాంజి 2024 పారాలింపిక్స్ 400 మీటర్లలో కాంస్యం గెలిస్తే, తెలంగాణ ప్రకటించిన కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం ఆ ఇంటి తలరాతను మార్చేవే. ఆట వదిలాక బతుకేమిటన్న భయాన్ని తీర్చేది ఆ రెండోదే.

అయినా ప్రభుత్వాలు నజరానానే ఎందుకు పెంచుతాయి? ప్రకటించిన రోజు దానికి అయ్యే ఖర్చు సున్నా కాబట్టి. తెలుగువాళ్లెవరూ ఇంతవరకు ఒలింపిక్స్‌లో వ్యక్తిగత స్వర్ణం గెలవలేదు. కాబట్టి ఆంధ్రప్రదేశ్ ప్రకటించిన ఆ 7 కోట్లు ఇంకా కాగితం మీదే ఉన్నాయి. అదే 7 కోట్లను ఖేలో ఇండియా లెక్కన ఖర్చుపెడితే 111 మంది పిల్లలకు ఏడాది శిక్షణ. ఆ బిల్లు మాత్రం మొదటి నెల నుంచే కట్టాలి.