ఊడ నేల తాకేదాకా...

ఆదివారం సాయంత్రమైతే మా ఇంట్లో పేచీ మొదలవుతుంది. ఏడేళ్ళ పెద్దవాడికి క్రికెట్టు కావాలి, నాలుగేళ్ళ చిన్నదానికి జారుడుబల్ల. మావారికి నిద్ర! మొన్న ఇద్దర్నీ వెంటబెట్టుకుని, అత్తమ్మను కూడా లేవదీసి పిల్లలమర్రికి బయల్దేరాను. మహబూబ్‌నగర్ నుంచి నాలుగు కిలోమీటర్లే గదా.

నా చిన్నప్పుడు పిల్లలమర్రి అంటే ఊడలు పట్టుకుని ఊగడమే. బడివాళ్ళు వనభోజనాలకు తీసుకొచ్చేవారు. పులిహోర తిని, చేతులు కడుక్కోకుండానే ఊడల మీదికి ఎగబడేవాళ్ళం. ఎవరూ వద్దన్న పాపాన పోలేదు. పైగా ఫోటో ఒకటి. అది ఇప్పటికీ మా అమ్మ పెట్టెలో ఉంది.

ఇప్పుడు చెట్టుకు అడ్డంగా కంచె. “నువ్వు ఊగినవ్ గదమ్మా, నేనెందుకు ఊగొద్దు?” అని మావాడు నిలదీశాడు. జవాబు చెప్పాలంటే ముందు నా తప్పు ఒప్పుకోవాలి మరి.

ఈ మర్రికి ఏడు వందల ఏళ్ళంటారు. మూడెకరాల మేర పరుచుకుంది. ఊడలన్నీ మానులైపోయి అసలు మొదలు ఏదో కనిపెట్టడమే కష్టం. “పిల్లలు ఎక్కువైతే తల్లి ఏడ కనబడ్తది!” అన్నారు అత్తమ్మ. ఐదుగుర్ని కన్న మనిషి ఆవిడ.

2017 డిసెంబరులో దీని పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడింది. లోపలంతా చెదలు. జనం కొమ్మలెక్కడం, ఊగడం, బెరడు మీద పేర్లు చెక్కడం కూడా చెట్టుకు చేటే చేశాయి. సందర్శకులను ఆపేశారు. 2018లో ఆసుపత్రిలో మనుషులకు పెట్టినట్టే సెలైన్ సీసాలు వేలాడదీసి, చెదల మందును చుక్క చుక్కగా ఎక్కించారు. లేత ఊడలను గొట్టాల్లోంచి నేలకు దించారు. ఊడ నేలలో వేరు పట్టిందంటే స్తంభమై పై కొమ్మను మోస్తుంది. మేము ఊగి తెంపిన ఊడలన్నీ అలా స్తంభాలు కావలసినవే!

మావాడికి డెంగీ వచ్చినప్పుడు సెలైన్ ఎక్కించారు లెండి. ఆ మాట వినగానే చేయి తడుముకుని, “దానికీ సూది గుచ్చిన్రా?” అన్నాడు. ఇక ఊగుతానని అడగలేదు. ఆ చెట్టు కోలుకుని, 2025 మేలో మిస్ వరల్డ్ పోటీల అమ్మాయిలు వచ్చి చూసే దాకా వచ్చింది.

చిన్నదానికి ఈ కథ పట్టలేదు. దానికి జారుడుబల్ల కావాలి. పాలమూరు ఎండకు ఇనుప బల్ల పెనంలా కాలుతుంది. ముందు మన అరచేయి ఆనించి చూసి ఆ తర్వాతే ఎక్కించండి. ఐదు దాటాక వెళ్తే ఇంకా నయం. భయపడుతోందని పిల్లను ఒళ్ళో పెట్టుకుని జారకండి. కాలు అంచుకు తట్టుకుంటే మన బరువుకు మెలిపడి ఎముక విరుగుతుంది. ఒక్కతే జారలేకపోతే ఆ బల్ల ఎక్కే వయసు దానికింకా రాలేదన్నమాట. ఉయ్యాల ఎక్కేటప్పుడు మెడలో చున్నీ, స్కార్ఫు తీసేయాలి.

ఇక మా వీధి చివరి పార్కు సంగతి. బెంచీలు బాగానే ఉంటాయి. మరుగుదొడ్డికి మాత్రం ఎప్పుడూ తాళమే! నాలుగేళ్ళ పిల్లను తీసుకెళ్ళే తల్లికి బెంచీ కన్నా అదే ముఖ్యమని ఎవరికి చెప్పుకోవాలి?

అత్తమ్మ గుడి అరుగు మీద కూలబడ్డారు. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు ఊరి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి, ఇక్కడ మళ్ళీ నిలబెట్టిన గుడి అది. సకినాల డబ్బా తీసి పిల్లలకు పెట్టి, నాకూ రెండు ఇచ్చారు. ఇంట్లో నేను అందరికీ పెట్టి ఆఖర్న తినేదాన్ని. ఎవరైనా చేతికిస్తే తినడంలో ఎంత సుఖమో!

తిరుగు ప్రయాణంలో మావాడు చాలాసేపు మాట్లాడలేదు. ఆటో ఊళ్ళోకొచ్చాక అడిగాడు.

“అమ్మా, ఆ చిన్న ఊడ నేలను ఎప్పుడు తాకుతది?”

“నీకు మీసాలొచ్చేటప్పటికి.”

“అప్పుడు ఊగొచ్చా?”