సర్వరు నిలిచిపోయినపుడు

‘‘సర్వరు ఆగిందండీ, కాసేపు కూర్చోండి.’’ బ్యాంకులోగాని, రిజిస్ట్రేషను కచేరీలోగాని ఈ మాట వినని శ్రోత యుండడు. పావుగంట గడచును. పని దానంతటదియే మరల సాగును. రెండు దినముల తరువాత మరల అదే కథ. పూర్తిగా చెడిన యంత్రమును బాగుచేయుట సులభము. వైద్యుడు వచ్చునప్పటికి తగ్గిపోవు జ్వరము వంటి ఈ జబ్బునకు నిదానము కనుగొనుటయే కష్టము.

మా మిత్రు లొకరు కంప్యూటరు నిర్వాహకులుగా నున్న ఒక ఆసుపత్రిలో ఈ చిక్కు వచ్చినది. మధ్యాహ్నపువేళ కొన్ని దినములలో ఖాళీ పడకల వివరము తెరపై కనబడదు. పిదప రక్తపరీక్షల ఫలితములును రావు. అత్యవసరముగా వచ్చిన రోగి వాకిట వేచియుండవలెను. సిబ్బంది తొందరపడి సర్వరును ఆపి మరల నడిపెడివారు. పని సాగెడిది, కారణము మాత్రము ఆ ఆపుటతోనే చెరిగిపోయెడిది.

డేటాబేసు అనగా పెక్కుమంది ఒకేసారి చదువుచు వ్రాయుచునుండు పెద్ద చిట్టా. ఇద్దరొకే పద్దును ఒక్కసారి దిద్దినచో లెక్క తారుమారగును గనుక, పని ముగియువరకు దానికి ‘లాక్’ అను తాళము పడును. ఇది దోషము కాదు, రక్ష. తాళము వేసినవాడు మరచిపోయినపుడే చిక్కు.

అట్టి స్థితిలో మొదట అడుగవలసిన ప్రశ్న యొకటే: యంత్రము శ్రమించుచున్నదా, ఊరకున్నదా? డిస్కు విరామము లేక తిరుగుచున్నచో బ్యాకప్పునో, మెమరీ కొరతనో అనుమానింపవలెను. ప్రాసెసరు, డిస్కు రెండును నెమ్మదిగానుండి ఎవరికిని జవాబు రాకున్నచో, తాళములను చూడవలెను.

ఐదవసారి మా మిత్రులు రెండు నిమిషములు ఓర్చుకొనిరి. అచటిది పోస్ట్‌గ్రెస్ డేటాబేసు. దానిలో మామూలుగా నూరు కనెక్షన్లకే చోటు. అందు మూడు నిర్వాహకులకై ప్రత్యేకింపబడియుండును. కావున ద్వారము మూసికొనినను వారు లోనికి పోగలిగిరి. ఎవరు ఏమి చేయుచున్నారో తెలుపు ‘పీజీ స్టాట్ యాక్టివిటీ’ పట్టికను, ఎవరిని ఎవరు అడ్డుచున్నారో చెప్పు ‘పీజీ బ్లాకింగ్ పిడ్స్’ను చూచిరి. ఈ రెండవది 2016లో వెలువడిన 9.6 కూర్పుతో వచ్చినది.

గుట్టు బయటపడినది. ఎవరో పడకల పట్టికను చదువుటకు ట్రాన్సాక్షను తెరచి, ముగింపక భోజనమునకు పోయిరి. చదువువాని తాళము ఇతర పాఠకులకు అడ్డు కాదు. కాని ప్రతిదినము మధ్యాహ్నము ఒక ప్రోగ్రాము ఆ పట్టికను తుడిచి క్రొత్తగా నింపును. దానికి పట్టిక మొత్తము కావలెను గనుక అది వేచియుండెను. దాని వెనుక వచ్చినవారు, కేవలము చదువవచ్చినవారు సైతము, దానిని దాటిపోలేరు. వారితోనే కనెక్షన్లన్నియు నిండిపోయినవి. పరీక్షల విభాగమునకు చోటు దొరకకపోవుట అందువలననే. భోజనము చేసినవాడు తిరిగివచ్చి కిటికీ మూసినంతనే వరుసయంతయు కదలెడిది. విడివిడిగా రెండును నిర్దోషములే. కలిసిన దినమే కీడు.

పోస్ట్‌గ్రెస్‌లో లాక్‌కై వేచియుండు గడువు మొదట సున్న, అనగా హద్దు లేదు. మైఎస్‌క్యూఎల్‌లో పట్టిక తాళమునకై వేచియుండు గడువు 3,15,36,000 సెకండ్లు, అనగా సరిగా 365 దినములు! మా మిత్రులు ఊరకున్న ట్రాన్సాక్షన్లకును, తాళమునకై నిరీక్షించువారికిని చిన్న గడువులు పెట్టిరి. పట్టిక నింపుటను అర్ధరాత్రికి మార్చిరి. చిక్కు మరల రాలేదు.

ఆగిన సర్వరును వెంటనే ఆపివేయుట సాక్షిని తరిమివేయుట వంటిది. ఆ రెండు నిమిషములలో ఎవరు ఎవరికొరకు వేచియున్నారో వ్రాసికొనుడు. రోగి వాకిట నిలుచుట అదే కడసారి కావచ్చును.