విరిగిన పంటిని నిలుపుకొనుట

తెలుగు బడిలో పంటి ప్రస్తావన వర్ణమాలతోనే మొదలగును. త, థ, ద, ధ, న అను అక్షరములకు దంత్యములని పేరు. చిన్నయసూరి బాలవ్యాకరణము చదివినవారికి దంత్య తాలవ్య చజల భేదము తెలియనిది కాదు. ‘చలి’లోని చకారము వేరు, ‘చిలుక’లోని చకారము వేరు. నాలుక కొన పై పండ్లవైపు పోవుటలోనే ఆ తేడా యున్నది. ముందుపన్ను సగము విరిగిన పిల్లవాడు పద్యము చదువునపుడు సకారము ఈలవలె వెలువడుటయు, తోటివారు నవ్వుటయు, ఆ పిల్లవాడు మరునాటినుండి నోరు మూసికొని కూర్చుండుటయు ఉపాధ్యాయులు ఎరుగనివి కావు.

అయినను పన్ను విరిగినప్పుడు మనలో పెక్కుమందికి తోచు మొదటి ఉపాయము దానిని పెరికించివేయుటయే. ‘పండ్లూడగొట్టుకొనుటకు ఏ రాయి అయిననేమి’ యని సామెత చెప్పుకొను దేశమున పంటికి ఇంతకంటె మర్యాద దొరకదు కాబోలు! దీనికి కారణము లేకపోలేదు. మన దేశమున మొదటి దంతవైద్య కళాశాల 1920లో గాని పుట్టలేదు. అమెరికాలో చదివివచ్చిన డాక్టరు రఫీయుద్దీన్ అహమ్మదు దానిని కలకత్తాలో నెలకొల్పెను. ఈ వృత్తికి చట్టము ఏర్పడినది 1948లో. అంతవరకు పంటినొప్పికి చాలచోట్ల దొరకిన చికిత్స పట్టకారొక్కటే. పెరికించిన ఖర్చు తక్కువ, పని ఒక్కపూటలో ముగియును, నొప్పి తీరును. ఈ మూడును నిజమే. నష్టము మాత్రము ఆ పూట కనబడదు. పన్ను లేనిచోట దవడ ఎముక నానాటికి కుంచించుకొనిపోవును. ప్రక్క పండ్లు ఖాళీవైపు ఒరగును. ఎదుటి దవడలోని పన్ను ఒత్తిడి లేక తన స్థానము దాటి సాగును. పోయినది ఒక పన్నే యైనను చెదరునది వరుస యంతయు.

పన్ను విరిగినప్పుడు నిజముగా విరిగినదేమి? పైన కనబడు తెల్లని ఎనామిల్ శరీరమునందు అన్నిటికంటె కఠినమైన పదార్థము. బరువులో నూటికి 96 పాళ్లు ఖనిజమే. విరిగిన ఎముక అతుకుకొనును గాని విరిగిన ఎనామిల్ అతుకుకొనదు. దానిని కట్టిన కణములు పన్ను చిగురును చీల్చుకొని వచ్చునప్పటికే నశించిపోవును. ఎనామిల్ క్రింద డెంటిన్ అను పొర, దాని నడుమ నరములును రక్తనాళములును గల మెత్తని మజ్జ ఉండును. ఇక వేరు దవడ ఎముకలో మేకువలె దిగగొట్టబడి లేదు. వేరునకును ఎముకకును నడుమ నారవంటి సన్నని జీవకణజాలమున్నది. పన్ను దానిపై ఉయ్యాలవలె తూగుచుండును. అన్నములో ఇసుకరేణువు తగిలినంతనే తెలియుటకు ఆ నారయే ముఖ్యకారణము. విశేషమేమనగా, పైభాగము విరిగిపోయినను, నడిమి మజ్జ చచ్చినను, ఈ నార చావదు. దానికి ఆహారము చుట్టునున్న ఎముకనుండియు చిగురునుండియు అందుచుండును. అనగా ఇల్లు కూలినను పునాది బ్రతికియే యున్నది. విరిగిన పంటిని నిలుపు శాస్త్రమంతయు ఈ ఒక్క సంగతిమీద ఆధారపడినది.

ఈ పునాదిమీద కట్టవచ్చునని ఫ్రెంచి వైద్యుడు పియేర్ ఫొషార్ 1728లో ప్రకటించిన దంతవైద్య గ్రంథమునందే వ్రాసెను. మిగిలిన వేరులో లోహపు కడ్డీని నిలిపి దానిపై కృత్రిమదంతమును అమర్చు పద్ధతిని అతడు వివరించెను. ఊహ గొప్పదే; కాని వేరులోపలి నాళమును శుద్ధిచేయు విద్య అప్పటికి లేదు. 1838లో ఎడ్వర్డ్ మేనార్డ్ అను అమెరికను దంతవైద్యుడు గడియారపు స్ప్రింగును సానపట్టి నాళములో దూరు సన్నని పరికరమును చేసెను. ఇతడే తుపాకులను మెరుగుపరచి సైన్యములో పేరు తెచ్చుకొనినవాడు. ఒక చేత పంటిని కాపాడుచు వేరొక చేత తూటాకు దారి చూపిన చిత్రమైన మనిషి.

శుద్ధిచేసిన నాళమును దేనితో పూడ్చవలెను? దీనికి జవాబు మలయా అడవులనుండి వచ్చినది. అచ్చటి ఒక చెట్టుపాలు గడ్డకట్టగా గట్టాపెర్చా అను పదార్థమగును. వేడిచేసిన మెత్తబడును, చల్లారిన గట్టిపడును, నీటికి చెడదు. 1843లో విలియం మాంట్గొమెరీ అను వైద్యుడు దీనిని లండనుకు ఎరుకపరచెను. 1858లో అట్లాంటిక్ సముద్రగర్భమున పరచిన తంతితీగెకు కవచముగా చుట్టినది ఇదియే. తొమ్మిదేండ్లు తిరుగకముందే, 1867లో, బౌమన్ అను దంతవైద్యుడు దీనిని పంటి నాళమును పూడ్చుటకు వాడెను. సముద్రములోని తంతి కవచమునకు ఈ పదార్థము ఎన్నడో పాతదైపోయినది. పంటివేరులో మాత్రము నేటికిని ఇదే వాడుక.

ఇంతవరకు వచ్చిన విద్యకు ఇరువదవ శతాబ్ది ఆరంభమున పెద్ద దెబ్బ తగిలినది. 1910లో విలియం హంటర్ అను ఆంగ్లవైద్యుడు కెనడాలోని మాంట్రియల్ నగరమున ఉపన్యసించుచు, కుళ్లిన వేళ్లపై బంగారు తొడుగులు తొడుగుట రోగములకు మూలమని నిందించెను. చెడు పనితనమును నిందించుటలో తప్పులేదు. కాని ఆ మాటను పట్టుకొని కీళ్లనొప్పులకు, అజీర్ణమునకు, తుదకు ఉన్మాదమునకు కూడ పండ్లే కారణమను వాదము ప్రబలెను. న్యూజెర్సీ రాష్ట్రమున ట్రెంటన్ మానసిక వైద్యశాల అధికారి హెన్రీ కాటన్ రోగుల పండ్లు ఊడబెరికించి, అంతటితో ఆగక ప్రేగులను సైతము కోయించెను. పలువురు ప్రాణములు కోల్పోయిరి. చక్కని పండ్లను గంపల కొలది పారవేసిన ఆ కాలమును వైద్యచరిత్రలో సిగ్గుపడవలసిన ఘట్టముగానే చెప్పవలెను. పండ్లు పోయినను రోగములు పోకుండుట గమనించిన తరువాత గాని ఈ వేడి చల్లారలేదు. వేరు చికిత్సకు అంకితమైన వైద్యుల సంఘము అమెరికాలో 1943లో ఏర్పడెను. 1963లో అది ప్రత్యేకశాఖగా గుర్తింపు పొందెను.

నేటి పద్ధతి సంగ్రహముగా ఇది. మొదట ఎక్స్‌రే తీసి వేరు స్థితి చూతురు. లిడొకెయిన్ వంటి మందుతో తిమ్మిరి కలిగించి, పంటిచుట్టు పలుచని రబ్బరు తెరను బిగించి నోటి ఉమ్మి నాళములోనికి పోకుండ కట్టుదిట్టము చేయుదురు. చచ్చిన మజ్జను సన్నని ఆకురాళ్లతో తీసివేసి, మొదటి ప్రపంచయుద్ధమున సైనికుల గాయములు కడిగిన హైపోక్లోరైటు ద్రావణముతోనే నాళమును కడిగి, గట్టాపెర్చాతో పూడ్చి మూసివేయుదురు. పోయిన పైభాగమును తిరిగి కట్టుటకు 1955లో బూనోకోర్ కనుగొన్న ఉపాయము అక్కరకు వచ్చెను. లోహమునకు రంగు బాగుగా పట్టుటకు కర్మాగారములలో దానిని ఆమ్లముతో తుడుచుట చూచి, ఎనామిలును కూడ ఫాస్ఫారికామ్లముతో గరుకుచేసిన రెజిను గట్టిగా అంటుకొనునని అతడు నిరూపించెను.

దానిపై తొడుగు వేయుదురు. తొడుగు నిలుచుటకు చిగురుపైన చుట్టును సుమారు రెండు మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగిలియుండవలెను. బండిచక్రపు కొయ్యను ఇనుపపట్టా బిగించి పట్టినట్లు తొడుగు ఆ భాగమును పట్టును. పట్టుకు చోటులేనిచో వేరు చీలును. విరుగుడు చిగురు క్రిందికి పోయినప్పుడు సన్నని తీగెలతో వేరును కొన్ని వారములపాటు మెల్లగా పైకి లాగి చోటు కల్పింతురు. అన్ని పండ్లును నిలువవు. వేరు నిలువునా చీలిన పంటిని ఎంత నేర్పరియైనను కాపాడలేడు. అట్టిదానిని పెరికించుటయే మేలు. సరియైన మాట చెప్పు వైద్యుడు ఎక్స్‌రే చూపి ఈ భేదమును ముందే వివరించును.

పిల్లల విషయము మరింత ముఖ్యమైనది. పై ముందుపన్ను ఏడెనిమిదేండ్ల వయసున వచ్చును, కాని దాని వేరు పూర్తిగా ఏర్పడుటకు మరి మూడేండ్లు పట్టును. ఆ లోపల పన్ను విరిగి మజ్జ బయటపడినను, మజ్జ బ్రతికియున్నచో వేరు పెరుగును. స్వీడనులో క్వెక్ అను వైద్యుడు పైని రెండు మిల్లీమీటర్ల మజ్జను మాత్రమే తొలగించి తక్కినదానిని కాల్షియం హైడ్రాక్సైడుతో కప్పి, 60 పండ్లలో నూటికి 96 పాళ్లు నయమైనట్లు 1978లో ప్రకటించెను. పెరికినచోట లోహపు మేకు నాటి కృత్రిమదంతము పెట్టవచ్చును గదా యందురు. పెరుగుచున్న దవడలో అది పనికిరాదు. చుట్టుపండ్లు దవడతోపాటు సాగుచుండగా అది మాత్రము ఉన్నచోటనే యుండి పల్లమైపోవును. కనుక పదేండ్ల పిల్లవాని పన్ను పెరికించినచో, యౌవనము వచ్చువరకు ఆ ఖాళీతో ఎట్లో నెట్టుకొని రావలసినదే.

ఆటస్థలమున కబడ్డీలో గాని, మెట్లమీద గాని పన్ను విరిగినచో ఆ ముక్కను వెదకి నీటిలోనో పాలలోనో వేసి వైద్యుని యొద్దకు కొనిపోవలెను. తరచుగా దానినే తిరిగి అంటింపవచ్చును. పన్ను మొత్తముగా ఊడిపడినచో గడియారము చూచుకొనవలసిన వేళ అది. పంటిని పైభాగమున పట్టి ఎత్తవలెను, వేరును ముట్టరాదు, రుద్దరాదు. మన్ను అంటినచో పాలతోనో చన్నీటితోనో కొలది క్షణములు కడిగి, ఆ గుంటలోనే తిరిగి నిలిపి, మడచిన చేతిరుమాలును కొరికిపట్టుమని చెప్పవలెను. అది సాధ్యపడనిచో పాలలో ఉంచి పరుగున పోవలెను. నీటిలో నానవేసినను, కాగితములో చుట్టినను వేరుమీది నారకణములు చచ్చును. పొడిగా ఒక గంట గడచినచో అవి దాదాపు మిగులవు. ఊడినది పాలపన్ను అయినచో మాత్రము దానిని తిరిగి గుంటలో పెట్టరాదు. క్రింద పెరుగుచున్న రాబోవు పంటికి దెబ్బ తగులును.