దస్త్రములో మిగిలిన సిపాయి

యుద్ధచరిత్రములయందు సేనాపతుల పేరులుండును, పటములుండును, ఏ దినమున ఏ గ్రామము పట్టుపడినదో, ఎన్ని వేలమంది కూలిరో లెక్కలుండును. ఆ వేలలో నొక్కనిని వేఱుచేసి, వాడెవరి కొడుకు, ఎవతె మగడు, తుదకేమాయెనని యడిగినచో ఆ గ్రంథములు మాటాడవు. సామాన్యపు సిపాయికి మిగులునది యొక సంఖ్య, ఒక పటాలము పేరు, అదృష్టవశమున రాతిమీద నొక పంక్తి.

1914 మొదలు 1918 వఱకు జరిగిన మహాసంగ్రామమున పోరిన ఆంగ్లేయ సిపాయిల విషయమున ఆ మాత్రపు ఆధారమును చాలవఱకు నశించినది. వారి కొలువు పత్రములను లండనునందొక కట్టడమున భద్రపఱచియుంచగా, 1940 సెప్టెంబరులో జర్మను విమానముల బాంబులకు అది తగులబడి, సగమునకు పైగా బూడిదయ్యెను. మిగిలినవానిలో అనేకము అంచులు కాలినవి, నీట నానినవి. అయినను కొందఱి కథ మాత్రము పూసగ్రుచ్చినట్లు నిలిచియున్నది. అది యెవరిదనుకొనుచున్నారు? తన సైన్యముచేతనే విచారింపబడి చంపబడినవారిది! బుద్ధిగా నడుచుకొన్నవానికి పంక్తి, మరణశిక్ష పడినవానికి దస్త్రము. లండను చెంత క్యూ అనుచోటనున్న జాతీయ దస్త్రశాలలో నట్టివి భద్రముగా నున్నవి. వానిలో నొకదానివలనను, అతని యింటి స్త్రీలు చెప్పిన మాటలవలనను తెలియవచ్చిన హారీ ఫార్ అను సిపాయి బ్రతుకును సోదరీమణులకు చెప్పదలచినారము.

ఫార్ 1891లో పుట్టినవాడు. 1908లో సైన్యమున జేరి, నాలుగేండ్లు కొలువుచేసి, పిలిచినప్పుడు రావలెనను నిబంధనపై యిల్లు చేరెను. పెండ్లియాడెను. భార్య పేరు గర్ట్రూడ్. 1913లో నొక ఆడుబిడ్డ కలిగెను. మఱుసటి యేడే యుద్ధము వచ్చెను, పిలుపును వచ్చెను. ఆ సంవత్సరము నవంబరునాటికి అతడు వెస్టు యార్కుషైరు పటాలముతో ఫ్రాంసుదేశపు కందకములలో నుండెను.

1915 వసంతమున అతని దళమున్న న్యూవ్ షాపెల్ ప్రాంతము మనవారికిని తెలియవలసినదే. ఆ మార్చినెల పోరులో మన దేశపు సిపాయిలును ముందువరుసనే నిలిచిరి. 4,700కు పైగా భారతసైనికుల పేరులు చెక్కిన స్మారకమండపము నేడచ్చట కలదు. ఆ నెత్తుటినేలమీద, రేయింబవళ్లు పిడుగులవలె ఫిరంగిగుండ్లు పడుచుండగా, మేనెల నాటికి ఫార్ మనస్సు చెదరెను. దేహమున గాయమైన లేదు. చేతులు మాత్రము వణకుట మానవు. బులోన్ ఆసుపత్రిలో నైదు మాసములుంచిరి.

ఆ యైదు మాసములను గూర్చి దస్త్రమున నొకటి రెండు మాటలకన్న లేవు. దస్త్రమెఱుగని దానిని భార్య యెఱుగును. ఆసుపత్రినుండి వచ్చిన యుత్తరములు మగని చేవ్రాతలో లేవు. కలము పట్టనీయని వణకుచేత అతడు చెప్పగా దాది వ్రాసి పంపెడిది. పరాయి చేవ్రాతలో మగని యుత్తరము చూచుకొన్న యిల్లాలికి ఏ వైద్యుని పత్రము కావలయును? ఈ వ్యాధికి వైద్యులు పేరు పెట్టనేలేదని యనుకొనరాదు. 1915 ఫిబ్రవరిలోనే మైయర్సు అను వైద్యుడు దీనినిగూర్చి లండనునందలి వైద్యపత్రికలో వ్రాసి యుండెను. కాని పేరు తెలియుట వేఱు, దయ కలుగుట వేఱు.

1915 అక్టోబరున నతనిని మరల కందకములకు బంపిరి. 1916 ఏప్రిలులో నొక పక్షము, జూలైలో నొక రాత్రి వైద్యశిబిరమున నుండెను. పిమ్మట సోమ్ నదీప్రాంతమున జరిగిన ఘోరసంగ్రామములోనికి నడిపించిరి. సెప్టెంబరు 17వ తేదీ యుదయమున ఫార్ తనకు బాగులేదని వెనుకకు వచ్చి చెప్పుకొనెను. గాయము కనబడలేదు గనుక వైద్యుడు చూడనొప్పుకొనలేదు. ఆ రాత్రి ముందువరుసకు ఆహారము మోసికొనిపోవువారితో బంపగా, నడుమనే తప్పిపోయి, పదునొకండు గంటలకు బండ్లుండుచోట నగపడెను. తాను తాళలేనని మొఱపెట్టెను. సార్జెంటు మేజరు నోటికి వచ్చినట్లు బూతులాడి, పిఱికివాడవు, నిన్ను కాల్పించెదనని పలికెనట. కావలివారు బలవంతముగా నీడ్చుకొనిపోవుచుండగా పెనగులాడి విడిపించుకొని వెనుకకే పరుగెత్తెను.

అక్టోబరు 2వ తేదీన సైనికన్యాయస్థానము కూర్చుండెను. ఫార్ పక్షమున మాటాడుట కెవ్వరును లేరు. తన వాదము తానే చెప్పుకొనెను. అతని వ్యాధిని లెస్సగా నెఱిగిన వైద్యాధికారి గాయపడి దూరమున నుండెను. విచారణ యంతయు నిరువది నిమిషములకు మించలేదని చెప్పుదురు. మా యింట వంకాయలు బేరమాడుట కంతకన్న నెక్కువసేపు పట్టును!

న్యాయాధిపతులు వేసిన యొక ప్రశ్న దస్త్రమున నున్నది. పట్టుపడిన తరువాత నింతవఱకు జబ్బని యేల చెప్పుకొనలేదని యడిగిరి. ఫిరంగిమ్రోత వినబడని చోట నున్నాను గనుక నెమ్మదిగా నున్నదని యతడు బదులు చెప్పెను. ఏ వైద్యుడైన నా మాటలోనే రోగమును గుర్తింపగలడు. న్యాయాధిపతులు నేరమును గుర్తించిరి. అతని దళమునందలి యధికారి యిచ్చిన పత్రము మఱియు చిత్రము. ఇతని నరములు దేనివలన చెడినవో చెప్పజాలననియు, గుండ్లవానలో నితడు నిబ్బరముగా నిలువలేడనియు, అదితప్ప నడవడి, గుణము మిక్కిలి మంచివనియు నందున్నది. రోగియని యొప్పుకొన్నట్లే వ్రాసి, ఆ కాగితమును చావునకు బంపిరి. అది మెట్టుమెట్టుగా నెక్కి సర్వసేనాని హేగ్ దొరవారిని చేరగా, ఆయనయు మరణశిక్షను స్థిరపఱచెను.

ఇచ్చట మాకు విరాటపర్వము జ్ఞప్తికి వచ్చుచున్నది. అంతఃపురమున బీరములు పలికిన యుత్తరకుమారుడు కౌరవసేనను కన్నులార చూచినంతనే రథము దుమికి పారిపోయెను గదా. బృహన్నల వెంటబడి పట్టుకొన్నాడు, కాని చంపలేదు. ఊఱడించి, పగ్గములు చేతికిచ్చి సారథిగా నిలిపినాడు. భయపడినవానికి చేయదగిన పని వేఱొకటి యుండునని మన కవులకు దెలియును. ఫార్ మాత్రము నూఱక పారిపోయినవాడు గాడు. రెండేండ్లు నిలిచి, విఱిగినవాడు.

1916 అక్టోబరు 18వ తేదీ వేకువను, కార్నోయ్ అనుచోట, స్వజనుల తుపాకులకే యతడు బలియయ్యెను. వయస్సు ఇరువదియైదు. కన్నులకు గంతలు కట్టనీయలేదు. కడపట నతనితో నున్న మతగురువు, ఇంతకన్న మంచి సిపాయి లేడని భార్యకు దెలియజేసెను. ప్రభుత్వమువారి జాబు వేఱొక రీతిగా వచ్చెను: పిఱికితనమునకై కాల్చబడెనని. ఆమె యా జాబును ఱవికలో దాచుకొనెను.

దాచిన మాట దాగలేదు. కొంతకాలమునకు తపాలా కచేరికి భత్యము తెచ్చుకొనబోగా, నీకును నీ బిడ్డకును భత్యము లేదనిరి. మూడేండ్ల కూతురును చంకనిడుకొని యామె యొక కలవారి యింట పనికి గుదిరెను. కుటుంబమున నతని పేరెత్తువారు లేరు. తండ్రి యెట్లు పోయెనో కూతునకు నలువదియేండ్లు వచ్చువఱకు దెలియదు! వీరపత్నులను గూర్చి కావ్యములు కలవు. ఈ మౌనమును గూర్చి యెవరు వ్రాసిరి?

అట్లు చంపబడినవారు పెక్కండ్రు. సైన్యమును విడిచి పారిపోయిరని 266 మందిని, పిఱికితనమునకని 18 మందిని కాల్చిరి. ఈ రెండు నేరములకును మరణదండనను బ్రిటిషు సైన్యమున 1930లో మాన్పిరి. దస్త్రములను మాత్రము 75 ఏండ్లు మూసియుంచిరి. తెఱచిన పిదప ఫార్ మనుమరాలు వానిని చదివి, మాతామహునకు న్యాయము కోరి పోరాడసాగెను. 1993లో నప్పటి ప్రభుత్వము క్షమాపణ మొసగుటకు నిరాకరించెను. ఆ యేటనే గర్ట్రూడ్ తొంబదితొమ్మిదేండ్ల వయస్సున గతించెను.

2006లో చట్టము వచ్చెను. 306 మందికి క్షమాపణ మిచ్చిరి. తీర్పును గాని శిక్షను గాని ఆ చట్టము రద్దుచేయలేదు; ఇట్టి చావున కతడు తగినవాడు కాడనుట మాత్రమే. ఫార్ కూతురప్పుడు బ్రతికియుండెను, తొంబదిమూడేండ్ల వృద్ధురాలు. అతని దస్త్రములో, 1916 నాటి కాగితములతోపాటు, మంత్రి చేవ్రాలుగల యా క్షమాపత్రమునుగూడ నిప్పుడు చేర్చియుంచినారు.