మీకు తెలుసా? - పుట్టినరోజని చక్రానికి తెలియదు

హఫీజ్‌పేట్‌లో ఓ ఫ్లాటు అనుకోండి. నాన్నకి అరవై నిండబోతున్నాయి. అమ్మ ఫోన్‌లో పంతులుగారితో ముహూర్తం మాట్లాడుతోంది. హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే కొడుకు, గచ్చిబౌలిలో పనిచేసే కూతురు మాత్రం వాట్సాప్‌లో గూడుపుఠాణీ నడుపుతున్నారు. హోమం అయిన వారానికే గోవా వెళ్లాలి, ఒక్క రాత్రి నాన్నని క్యాసినోకి తీసుకెళ్లాలి. సంగతి చెవిన పడగానే నాన్న అన్నాడు: "పేకముక్క ముట్టుకుంటే వీపు చిట్లగొడతానని మీకు చెప్పింది నేనే కదరా!" అన్నాడే గానీ, బ్యాగు మాత్రం అందరికంటే ముందు సర్దుకున్నాడు. ఆ బ్యాగులో బట్టలతో పాటు పెట్టుకోదగ్గ కబుర్లు కొన్ని.

అరవైకే ఎందుకంత హడావిడి?

మన ఏళ్లకు ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లు. మీరు పుట్టిన ఏడాది పేరు మళ్లీ వినబడేది అరవై ఏళ్లకే. గురుడు రాశిచక్రం చుట్టి రావడానికి సుమారు 12 ఏళ్లు, శనికి సుమారు 30 ఏళ్లు. ఇద్దరూ దాదాపు మొదటి చోటికే కలిసి వచ్చేది అరవయ్యో ఏట. షష్టిపూర్తి వెనకున్న లెక్క అది. 2026 మార్చి 19 ఉగాదితో వచ్చినది పరాభవ నామ సంవత్సరం. 1966 ఉగాదికి వచ్చినదీ అదే. ఆ ఏడాది పుట్టినవాళ్లు సరిగ్గా 'పరాభవ'లో క్యాసినో మెట్లెక్కుతున్నారన్నమాట. పేరు చూసి భయపడకండి, భయపడాల్సిన లెక్కలు కింద వేరే ఉన్నాయి.

హైదరాబాద్‌లోనే ఎందుకు కుదరదు?

మన దేశంలో క్యాసినోలు నడుస్తున్నవి గోవా, సిక్కింలలో. ఇక్కడ 1974 నాటి గేమింగ్ చట్టం కాపలా కాస్తోంది. సొంత ఫ్లాటైనా, ఊరి బయట ఫామ్‌హౌసైనా, పందెం సొమ్ముతో ఆడించే అడ్డాగా నడిపితే చట్టం దృష్టిలో అది జూదగృహమే. "గోవా దాకా ఎందుకు, ఫోన్‌లో ఆడేద్దాం" అన్నా కుదరదు. 2017లోనే తెలంగాణ ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ వర్తించేలా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు తాళం వేసింది. వాటిని నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా.

రమ్మీకి సర్టిఫికెట్ ఇప్పించింది సికింద్రాబాదే

1963 మే 4న సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. లోపల కొందరు డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. కేసు పైకోర్టులు ఎక్కుతూ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అన్నారు. మూడు ముక్కలాట అలా కాదు, అది వట్టి అదృష్టం అన్నారు. ఈ రోజుకీ దేశంలో ఏ మూల రమ్మీ కేసు నడిచినా వకీళ్లు ముందు తిరగేసేది ఈ తీర్పునే. తమాషా ఏమిటంటే, సరిగ్గా యాభై ఏళ్లకు, 2017లో, అదే గడ్డ మీద తెలంగాణ సర్కారు చట్టం సవరించి రమ్మీకున్న ఆ మినహాయింపును తీసేసింది. తీర్పుకు యాభయ్యో పుట్టినరోజు కానుక!

కదలని పడవ

సికింద్రాబాద్ నుంచి వాస్కోడగామాకు 2024 అక్టోబరులో వారానికి రెండుసార్ల రైలు మొదలైంది. హఫీజ్‌పేట్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి సికింద్రాబాద్‌లో మారితే చాలు. పనాజీ చేరాక మాండవి నది ఒడ్డున చిన్న పడవెక్కిస్తారు, అది నది మధ్య లంగరేసి ఉన్న పెద్ద ఓడ దగ్గర దింపుతుంది. ఓడ ఎక్కడికీ పోదు. మరి నీళ్ల మీద ఎందుకు? గోవా 1976 నాటి జూదం చట్టాన్ని 1992లో సవరించి ఐదు నక్షత్రాల హోటళ్లలో మీట నొక్కితే తిరిగే యంత్రాలకు అనుమతించింది. మనిషి ముక్కలు పంచే బల్లలకు మాత్రం 1996 సవరణతో ఓడల మీదే చోటిచ్చింది. చట్టంలో ఉన్న ఒక్క మాట కోసం అంత పెద్ద ఓడ నదిలో నిలబడి ఉంది.

ఊరివాళ్లకు ప్రవేశం లేదు

గోవా క్యాసినోల్లోకి గోవా వాళ్లనే రానివ్వరు. 2020 ఫిబ్రవరి నుంచి అవి పర్యాటకులకు మాత్రమే. వయసు 21 నిండాలి, గుర్తింపు కార్డు చూపాలి. ఇది గోవాకే ఉన్న వింత కాదు. నేపాల్ క్యాసినోల్లో నేపాలీలకు ప్రవేశం లేదు. మాంటే కార్లోలో మొనాకో పౌరులు ఆడకూడదు. సింగపూర్ తన పౌరుల దగ్గర రోజుకు 150 సింగపూర్ డాలర్లు ప్రవేశ సుంకం వసూలు చేస్తుంది. మిఠాయి కొట్టువాడు తన పిల్లల్ని కొట్లోకి రానివ్వకపోతే ఆ మిఠాయి గురించి మనం ఓ క్షణం ఆలోచించమూ?

ఈ ఓటీపీ వేరు

సైబరాబాద్ జనానికి ఓటీపీ అంటే రోజుకు పదిసార్లు ఫోన్‌కి వచ్చే అంకె. గోవా ఓడ మీద ఓటీపీ అంటే 'వన్ టైమ్ ప్లే'. ప్రవేశ ప్యాకేజీలో భోజనంతో పాటు ఇచ్చే చిప్స్‌లో ఈ రకం ఉంటాయి. చేతిలో బరువుగా, రంగురంగులుగా, అచ్చం సొమ్ములాగే కనిపిస్తాయి. కౌంటర్లో ఇస్తే మాత్రం రూపాయి రాదు. వాటిని పందెం కాయాల్సిందే. గెలిస్తే, ఆ గెలుపుగా వచ్చినదే నగదవుతుంది. టికెట్ కొనేటప్పుడే "ఇందులో ఓటీపీ ఎంత, నగదు చిప్స్ ఎంత?" అని అడగండి.

36 కాదు, 37

రౌలెట్ చక్రం మీద 1 నుంచి 36 దాకా అంకెలుంటాయి. అవన్నీ కూడితే సరిగ్గా 666. ఇవి కాక ఆకుపచ్చ గడిలో ఒక సున్నా. కిటుకంతా ఆ సున్నాలోనే ఉంది. నాన్న తన అరవైకి గుర్తుగా 6 మీద వంద రూపాయలు పెట్టాడనుకోండి. 37 ఆటలకు 3,700 పెడతాడు. సగటున ఒక్కసారి గెలుస్తాడు. అప్పుడు 35 రెట్లు, తన వందతో కలిపి 3,600 చేతికొస్తుంది. మిగతా వంద ఓడవాడిది. అంటే నూటికి 2.7. కొన్ని చక్రాలకు రెండు సున్నాలుంటాయి. వాటిమీద ఈ కోత 5.26 శాతం. కూర్చునే ముందు సున్నాలు లెక్కపెట్టుకోండి. తద్దినం నాడు పుట్టినా, పండగనాడు పుట్టినా, ఒక సున్నా చక్రం మీద 6కి ఉన్న అవకాశం 37లో ఒకటే.

ఇరవై ఆరుసార్లు నలుపు

"ఇన్నిసార్లు నలుపు పడింది, ఇప్పుడు ఎరుపు పడక చస్తుందా?" బల్ల చుట్టూ వినబడే మాట ఇది. 1913 ఆగస్టు 18న మాంటే కార్లోలో ఓ చక్రం వరసగా 26 సార్లు నలుపే చూపించింది. ప్రతిసారీ ఎరుపు మీద రెట్టించి పెట్టినవాళ్లు నిలువునా మునిగారు. గడిచిన ఆట గోళీకి గుర్తుండదు. గుర్తుండేది మనకే, అదే మన కొంప ముంచేది.

లోనా, బయటా

మన పల్లెల్లో తోటల్లో దాక్కుని ఆడి, పోలీసులకు దొరికి, మర్నాడు పేపర్లో జిల్లా పేజీకెక్కే అందర్ బాహర్ గోవా ఓడలో ఏసీ కింద, మెత్తటి గుడ్డ పరిచిన బల్ల మీద దర్జాగా నడుస్తుంది. చూడ్డానికి సగం సగం ఆట. నిజానికి ముక్క ముందుగా ఏ వైపు వేస్తారో ఆ వైపు గెలిచే అవకాశం 51.5 శాతం, రెండో వైపుకు 48.5. ఓడవాడికి ఆ సంగతి తెలుసు. అందుకే ముందు వైపు గెలిస్తే సాధారణంగా వందకు తొంభయ్యే ఇస్తాడు.

త్రిఫలలో దాగిన పాచిక

కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిపితే త్రిఫల చూర్ణం. అందులోని తానికాయే వేదకాలపు పాచిక. ఋగ్వేదం పదో మండలంలో ఓ జూదరి గోడు ఉంది. పెళ్లాం దూరం పెట్టిందని, అత్తగారు అసహ్యించుకుంటోందని, అయినా పాచికల చప్పుడు వింటే కాళ్లు ఆగవని వాపోతాడు. చివరికి అతనికి దొరికే సలహా ఒకటే: జూదం మాని పొలం దున్నుకో. అదే కాయ ఇప్పుడు అరవై దాటినవాళ్ల కడుపు బాగుచేస్తోంది.

గెలిస్తే ఎంత మిగులుతుంది?

క్యాసినోల మీద జీఎస్టీ 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. గెలిచినదాని మీద 30 శాతం ఆదాయపు పన్ను, పైన సెస్సు. జీతం మీద దొరికే మినహాయింపులేవీ దీనికి అంటవు. శుక్రవారం పోగొట్టుకున్నది చూపించి శనివారం గెలిచినదాంట్లో తగ్గించమంటే ఒప్పుకోరు. ఓటమి మీ ఒక్కరిదే, గెలుపులో మాత్రం సర్కారుకు వాటా ఉంటుంది.

ఇంతకీ వెళ్లొద్దనా? వెళ్లండి. నది గాలి బాగుంటుంది, పిల్లలు పక్కనుంటారు, నాన్న నవ్వు ఫోన్‌లో పడుతుంది. అరవై పేర్ల చక్రం మాట తప్పకుండా తిరిగొచ్చింది. ముప్ఫై ఏడు గళ్ల చక్రం ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. అందుకని అమ్మ రాస్తున్న ఖర్చుల చీటీలో పూలు, పంతులుగారి సంభావన, భోజనాలు అన్న వరసల కిందనే 'క్యాసినో' అని ఇంకో వరస రాసి, ఎదురుగా ఓ అంకె వేయించండి. ఆ అంకె అయిపోగానే లేచి వచ్చేయండి. ఏమైనా తిరిగొస్తే, చదివింపుల కింద రాసుకోండి.