పాత బండికి మళ్లీ మెత్తదనం

మోటార్‌సైకిల్ సస్పెన్షన్ ఒక్కరోజులో పాడవదు. ఇంజిన్ మొరాయిస్తే వెంటనే తెలుస్తుంది, టైరు పంక్చరైతే నాలుగు గజాల్లో తెలుస్తుంది. సస్పెన్షన్ మాత్రం వేల కిలోమీటర్ల మీద కొద్దికొద్దిగా సత్తువ కోల్పోతుంది. నడిపేవారి ఒళ్లు ఆ మార్పుకు రోజురోజుకూ అలవాటు పడిపోతుంది. అందుకే 70, 80 వేల కిలోమీటర్లు తిరిగిన స్ప్లెండర్ మీద రోజూ పనికి వెళ్లేవారు నడుం పట్టేసినప్పుడు రోడ్డును తిడతారు, వయసును తిడతారు గానీ బండిని అనుమానించరు. అదే మోడల్ కొత్త బండిని అదే రోడ్డు మీద ఒకసారి నడిపితే తేడా ఇట్టే తెలిసిపోతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువగా తిరిగే 100, 125 సీసీ బండ్లలో చాలావాటికి ఏర్పాటు దాదాపు ఒకటే. ముందు టెలిస్కోపిక్ ఫోర్కు ఉంటుంది, అంటే ఒకదానిలో ఒకటి జారే గొట్టాల జతలు రెండు. వెనుక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్, దానికి అటొకటి ఇటొకటి షాకబ్జార్బర్లు. 1994లో స్ప్లెండర్ వచ్చినప్పుడు ఎలా ఉందో నేటికీ మూలంలో అలాగే ఉంది. ఫోర్కులోనూ, షాకబ్జార్బర్లలోనూ రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. స్ప్రింగు బరువును మోస్తుంది, గుంతలో చక్రం పడ్డప్పుడు ఆ దెబ్బను మింగుతుంది. అయితే మింగినదాన్ని ఉంచుకోదు, తిరిగి పైకి తన్నేస్తుంది. ఆ తన్నును అణచేది లోపలి ఆయిల్. సన్నటి రంధ్రాల గుండా ఆయిల్ బలవంతంగా దూరుతున్నప్పుడు ఊపు వేడిగా మారి చల్లారిపోతుంది. దీన్నే డ్యాంపింగ్ అంటారు. ఇలా ఆయిల్‌తో అణిచే టెలిస్కోపిక్ ఫోర్కును 1935లో బీఎండబ్ల్యూ తన ఆర్12 మోడల్‌తో అమ్మకానికి తెచ్చింది. ఈనాటి మామూలు బండ్ల ఫోర్కూ ఆ సూత్రం మీదే పనిచేస్తోంది.

పాత బండి విషయంలో గుర్తుంచుకోవాల్సిన అసలు సంగతి ఇక్కడే ఉంది. సాధారణంగా ముందుగా సత్తువ పోయేది స్ప్రింగుది కాదు, డ్యాంపింగుది. స్ప్రింగు ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఆయిల్ అలా కాదు. అది నలుగుతుంది, పలచబడుతుంది, చెమ్మ పీలుస్తుంది, బుష్‌లు అరిగి రాలిన లోహపు పొడి అందులో కలుస్తుంది. ఎన్నడూ ఆయిల్ మార్చని ఫోర్కును విప్పి వంచితే ఎర్రటి, తేనె రంగు ఆయిల్‌కు బదులు బూడిదరంగు నీళ్లలాంటి ద్రవం కారుతుంది. ఎండలో పెట్టి చూస్తే అందులో అల్యూమినియం నలుసులు తళుక్కుమంటాయి, ముక్కు మూసుకునేంత వాసన వస్తుంది. ఇంజిన్ ఆయిల్ గడువు తప్పకుండా మార్చేవారు కూడా ఫోర్కులో ఆయిల్ ఉంటుందన్న సంగతే మర్చిపోతారు. మన బండ్లకు జరిగే అన్యాయాల్లో ఇది పెద్దది.

డ్యాంపింగ్ ఉందో పోయిందో తెలుసుకోవడానికి పనిముట్లేమీ అక్కర్లేదు. ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్ మీద బరువంతా మోపి గట్టిగా నొక్కి వదలాలి. ఆరోగ్యంగా ఉన్న ఫోర్కు నిదానంగా లేచి తన చోట నిలబడుతుంది. ఆయిల్ పోయినది లేచి, దిగి, మళ్లీ లేస్తుంది. వెనుక సీటును నొక్కి చూసినా ఇంతే. మెరిసే ఫోర్కు పైపు మీద జిడ్డుగా, దుమ్ము పట్టిన వలయం కనిపిస్తే ఆయిల్ సీలు తెగిందని అర్థం. కారిన ఆయిల్ డిస్క్ బ్రేకు మీద పడితే బ్రేకు పట్టదు కాబట్టి ఆ మరమ్మతును వాయిదా వేయకూడదు.

అయితే కుదుపు కనబడగానే షాకబ్జార్బర్లు కొనడానికి పరుగెత్తనక్కర్లేదు. మొదట చూడాల్సింది టైర్లలో గాలి. 100 సీసీ బండ్లకు ముందు 25, వెనుక ఒక్కరే అయితే 28 పీఎస్ఐకి అటూ ఇటూగా కంపెనీలు చెబుతాయి. ఇద్దరు ఎక్కితే వెనుక ఇంకా ఎక్కువ. కచ్చితమైన అంకె బండి మాన్యువల్‌లో ఉంటుంది. ఎక్కువ రోజులు నిలుస్తుందని దానికి మించి కొట్టిస్తే టైరు రాయిలా బిగుస్తుంది, ఆపై ఎంత మంచి సస్పెన్షన్ ఉన్నా చిన్న చిన్న గతుకులు నేరుగా వెన్నుకే తగులుతాయి. ఏళ్లు గడిచి రబ్బరు గట్టిపడిన టైరు, పైన చెక్కుచెదరకుండా కనిపించినా, ఇదే పని చేస్తుంది.

తర్వాత వదులైన కీళ్లు. ముందు చక్రాన్ని నేల మీంచి లేపి ఫోర్కు కాళ్లను కింద పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగితే టక్కుమంటోందా? హ్యాండిల్ తిరిగే బేరింగు, అంటే కోన్‌సెట్, వదులైంది. హ్యాండిల్‌ను మెల్లగా తిప్పుతుంటే సరిగ్గా మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగుతోందా? దాని బాల్స్ ఆనే చోట గుంటలు పడ్డాయి, మార్చాల్సిందే. వెనుక చక్రం పక్కలకు ఊగితే స్వింగ్ ఆర్మ్ బుష్‌నో, చక్రం బేరింగులనో చూడాలి. మరీ బిగించిన చైను కూడా వెనుక సస్పెన్షన్‌ను కదలనివ్వదు. స్వింగ్ ఆర్మ్ పైకి లేచేకొద్దీ చాలా బండ్లలో చైను బిగుసుకుంటుంది, అందుకే దానికి కొంత జారు వదులుతారు.

ఇక ఫోర్కు పని. పాత ఆయిల్ పూర్తిగా వంచేసి, లోపల కడిగి, సీళ్లు మార్చి, కొత్త ఫోర్క్ ఆయిల్ పోయాలి. ఒక్కో కాలికి పట్టేది గ్లాసెడు కూడా ఉండదు గానీ ఆ కొలత తప్పకూడదు, రెండు కాళ్లలోనూ సమానంగా ఉండాలి. ఆయిల్ పైన మిగిలే గాలి కూడా స్ప్రింగులా పనిచేస్తుంది. ఎక్కువ పోస్తే గాలికి చోటు తగ్గి ఫోర్కు బిగుసుకుంటుంది, సీళ్లు మళ్లీ తెగుతాయి. కొన్ని షెడ్లలో ఫోర్క్ ఆయిల్‌కు బదులు చిక్కటి ఇంజిన్ ఆయిల్ పోసేస్తారు. నొక్కి చూస్తే గట్టిగానే ఉంటుంది, కస్టమరు సంతోషిస్తాడు. కానీ వరస గతుకుల మీద ఆ చిక్కటి ఆయిల్ రంధ్రాల గుండా వేగంగా దూరలేక ప్రతి దెబ్బనూ చేతుల్లోకి పంపుతుంది. గట్టితనం వేరు, అదుపు వేరు. కొత్త సీలు వేసేముందు పైపును వేలితో తడిమి చూడాలి. తుప్పు గుంటలుంటే ఆ కరుకు అంచులు కొత్త సీలునూ త్వరలోనే కోసేస్తాయి.

బిగింపులో ఒక చిన్న మెలకువ ఉంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. రెండు ఫోర్కు కాళ్లూ సమాంతరంగా లేకపోతే గొట్టాలు ఒకదాన్నొకటి పట్టేస్తాయి, చిన్న గతుకులకు అసలు కదలవు. కొత్త ఆయిల్ పోసినా బండి గరుకుగానే ఉంటుంది. చక్రం ఇరుసును, మడ్‌గార్డ్ బోల్టులను కొంచెం వదులుగా ఉంచి, ఫోర్కును కొన్నిసార్లు గట్టిగా కిందికి నొక్కితే కాళ్లు తమంతట తాము సర్దుకుంటాయి. అప్పుడు పూర్తిగా బిగించాలి. ఖర్చు లేని పని, ఫలితం మాత్రం చేతికి తెలుస్తుంది.

వెనుక షాకబ్జార్బర్ల కథ వేరు. ఈ తరగతి బండ్లలో అవి సీలు చేసి వస్తాయి, విప్పి ఆయిల్ మార్చే వీలు సాధారణంగా ఉండదు. కారితే మార్చడమే. కింద మెట్లున్న రింగును తిప్పి గట్టి చేయిస్తే అవి బాగుపడతాయన్నది బాగా పాతుకుపోయిన అపోహ. ఆ రింగు స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచి బండి వెనుక భాగాన్ని ఎత్తుతుంది, అంతే. పోయిన డ్యాంపింగును తేలేదు. పాల క్యాన్లు, గ్యాస్ సిలిండర్లు మోసే బండికి పై మెట్టు తప్పదు. అదే మెట్టు మీద ఒక్కరే ఖాళీగా వెళితే మాత్రం ప్రతి స్పీడ్ బ్రేకరూ సీటు మీంచి ఎగరేస్తుంది. బరువు మారినప్పుడల్లా మెట్టు మార్చుకోవడానికే కంపెనీ దాన్ని పెట్టింది. కొత్తవి వేసేటప్పుడు రెండూ ఒకేసారి, ఒకే రకానివి వేయాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే స్వింగ్ ఆర్మ్ మీద బలం సమానంగా పడదు, మలుపుల్లో బండి నమ్మకంగా ఉండదు. చివర్లలోని రబ్బరు బుష్‌లూ అప్పుడే మార్చాలి. గ్యాస్ నింపిన పాత షాకబ్జార్బర్లను కోయడం, రంధ్రం చేయడం, మంటలో వేయడం ప్రమాదం. లోపల ఒత్తిడి ఉంటుంది.

సీటు ఫోమ్ కుంగి కింది ప్లేటు తగులుతుంటే ఫోమ్ మార్పించాలి. కానీ ఆ పని చివరిది. డ్యాంపింగ్ పోయిన బండికి మెత్తటి సీటు వేస్తే ఊగడం తగ్గదు.

పనులన్నీ అయ్యాక కుంగిన వెనుక భాగం తిరిగి తన ఎత్తుకు వస్తుంది. దాంతో రెండు మారతాయి. చైను జారు మళ్లీ కొలిచి సరిచేయాలి. హెడ్‌లైట్ వెలుగు మునుపటికంటే కిందికి దిగుతుంది. అన్నాళ్లూ అది ఎదుటివారి కళ్లలో పడుతూ ఉండవచ్చు. నడిపేవారిని సీటు మీద కూర్చోబెట్టి, గోడకు ఎదురుగా బండి నిలిపి దాన్ని సర్దాలి.