ముళ్ల పొదను పెరట్లోకి తెచ్చే ముందు

ఉత్తరాంధ్ర నుంచి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. తూర్పు కనుమల ఎత్తయిన చోట్ల పసుపుపచ్చగా పండే అడవి రాస్బెర్రీ తిన్నవాళ్లకి, ఒక కొమ్మ తెచ్చి ఊళ్లోని డైరీ ఫార్మ్ ప్రాంతంలో ఇంటి వెనక పాతుకుందామని అనిపిస్తే తప్పేం లేదు. అయితే ముందు ఆ మొక్క ఏదో తేలాలి. ఆ తరవాత ఇది దీవి అన్న సంగతి గుర్తుంచుకోవాలి.

రాస్బెర్రీ, బ్లాక్‌బెర్రీలన్నీ రూబస్ అనే ప్రజాతివి, గులాబీ కుటుంబానికి చెందినవి. అందుకే ముల్లు గులాబీ ముల్లులా బెరడు మీద పుడుతుంది, పక్కకి నొక్కితే ఊడొస్తుంది. ఆకులు కణుపుకి ఒకటి చొప్పున వస్తాయి. చాలావాటిలో ఒక్కో ఆకు మూడు, అయిదు లేదా అంతకన్నా ఎక్కువ చిట్టి ఆకులుగా విడిపోయి ఉంటుంది. పువ్వుకి అయిదు రేకులు, మధ్యలో గుత్తుగా కేసరాలు. పండంటే ఒక్క కాయ కాదు, గింజ ఉన్న చిన్న చిన్న రసపు పూసలన్నీ అతుక్కున్న ముద్ద. కోసినప్పుడు లోపల డొల్లగా ఉంటే రాస్బెర్రీ, తెల్లటి బొడ్డు పండుతోపాటే వస్తే బ్లాక్‌బెర్రీ.

మన పొదల్లో దీనితో పొరబడేది లంటానా, అదే తలంబ్రాల చెట్టు. దాని ఆకులు ఎదురెదురుగా జంటగా ఉంటాయి, నలిపితే ఘాటు వాసన కొడుతుంది, కాండం నాలుగు పలకలుగా ఉంటుంది. నల్లటి పండ్లు గుత్తిగానే కనిపించినా దేనికది విడిగా ఉంటుంది. పచ్చి కాయలు విషం కాబట్టి ఈ తేడా పిల్లలకి తప్పక చూపించాలి. పరికి పండు కూడా నల్లగా నిగనిగలాడుతుంది గానీ, అందులో ఒకే గట్టి గింజ ఉంటుంది.

రూబస్‌లో మనకి పనికొచ్చేవి రెండు. ఎలిప్టికస్‌కి మూడు గుండ్రటి చిట్టి ఆకులు, కాండం నిండా ఎర్రటి నూగు, పసుపు పండు. ఉత్తరాఖండ్‌లో దీన్నే హిసాలు అంటారు. నివియస్‌కి ఆకు అడుగు తెల్లగా, కాండం సున్నం పూసినట్టు ఉంటుంది. పండు ఎర్రబడి, చివరికి నల్లబడుతుంది. దీనికి మైసూర్ రాస్బెర్రీ అని పేరు. మొదటిది చల్లటి కొండల మొక్క, సముద్రం పక్క ఉక్కలో దానిమీద ఆశ పెట్టుకోకండి. రెండోది వేడికి ఓర్చుకుంటుంది, అమెరికాలో దక్షిణ ఫ్లోరిడా పెరళ్లలో కాసింది కూడా.

ఓర్చుకోవడమే అసలు చిక్కు. 1980ల్లో పండు కోసం గాలపాగోస్ దీవులకి తెచ్చిన నివియస్, పిట్టల రెట్టలతో అడవిలోకి చేరింది. అక్కడ మాత్రమే పెరిగే స్కలీసియా చెట్ల కింద మొలకలకి చోటు లేకుండా అల్లుకుపోయింది. శాంటియాగో దీవిలో మేకల్ని నిర్మూలించాక మరింత విజృంభించింది. ఎలిప్టికస్ హవాయిలో అదే పని చేసింది. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ప్రకటించిన వంద చెడ్డ చొరబాటు జీవుల జాబితాలో అది ఉంది. లంటానా, ఆఫ్రికా నత్త కూడా ఆ జాబితాలోవే. వాన పడగానే పెరట్లోకి వచ్చే ఆ నత్త గురించి అండమాన్‌వాసులకి వేరే చెప్పక్కర్లేదు. బ్రిటిష్‌వాళ్లు తెచ్చి వదిలిన చుక్కల జింకలు ఇక్కడి అడవిలో లేత మొక్కల్ని ఇప్పటికీ మేస్తూనే ఉన్నాయి. ఇన్ని తెచ్చుకున్న చోటికి ఇంకో ముళ్ల పొదని తేవడం నాకు నచ్చదు.

ఇప్పటికే పెరట్లో ఉంటే సంగతి వేరు. నేలలోంచి తీసి పెద్ద తొట్టెలోకి మార్చండి. మూడువేల మిల్లీమీటర్ల వాన పడే ఊరు కాబట్టి తొట్టె అడుగున నీరు నిలవకూడదు. వంగిన కొమ్మ కొస నేలకి తగిలితే అక్కడే వేళ్లు పోస్తుంది, అందుకని కొసల్ని కర్రకి కట్టాలి. సాధారణంగా కొమ్మ మొదటి ఏడు ఎదిగి, రెండో ఏడు కాసి ఎండిపోతుంది. కాసిన కొమ్మని మొదలంటా కోసేస్తే కొత్తదానికి గాలి ఆడుతుంది. పూత అయ్యాక వల కప్పాలి, పికిలిపిట్ట నోట్లో పడ్డ పండు మళ్లీ ఎక్కడ మొలుస్తుందో మన చేతుల్లో ఉండదు.

ముళ్ల కంచె, తినే కాయ రెండూ కావాలంటే నా ఓటు వాక్కాయకే. తెల్లటి పూలు, ఏడాది పొడవునా ఆకు, మైదానపు వేడి దానికి అలవాటే. పప్పులోకి కాయ పచ్చిగానే కోస్తాం కాబట్టి పిట్టలకి మిగిలేదీ తక్కువే.

మొక్క ఏదో ఇంకా తేలకపోతే ఊహించి ఊరుకోవద్దు. ఊళ్లోనే బొటానికల్ సర్వే ప్రాంతీయ కేంద్రం ఉంది, గారాచర్మలో కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది. పూలున్న కొమ్మ ఒకటి, పూత లేని కొత్త రెమ్మ ఒకటి పాత పేపర్ల మధ్య నొక్కి పట్టుకెళ్లండి. ఎండితే రంగు పోతుంది గనక ఆకు అడుగు రంగు, పండు రంగు, పొద నిలువుగా ఉందో పాకుతోందో ముందే రాసుకోవాలి. వీలైతే పండిన పండు ఒకటి చిన్న డబ్బాలో విడిగా తీసుకెళ్లండి.